వాసన వచ్చిందా?

ఆ రోజు పొద్దున్న రెండో కాఫీ కోసం గ్లాసు పట్టుకుని బ్రేకు బాబాయి వంటింట్లోకి వచ్చేసరికి పిన్ని పొయ్యి దగ్గర లేదు. గుమ్మం పక్కన స్టూలు వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బస్సు కోసం ఎదురుచూసే మనిషిలా కూర్చుని ఉంది. పొయ్యి మీద ఏమీ లేదు. గట్టు మీద మాత్రం కందిపప్పు డబ్బా, పోపుల పెట్టె, నాలుగు టమాటాలు వరసగా పెట్టి ఉన్నాయి.

"ఒంట్లో బాగాలేదా ఏమిటోయ్?" అన్నాడు బాబాయి.

"నాకేం, నిక్షేపంలా ఉన్నాను. ఇన్నేళ్ళూ మీరు బస్సు నడిపారు, నేను పొయ్యి నడిపాను. మీకు రిటైర్మెంటు ఇచ్చారు. మరి నాకు ఇవ్వరా?"

"ఇస్తే అన్నం ఎవరు వండుతారు?"

"ఇదిగో, ఈ గ్లాసు పట్టుకుని నిలబడ్డాయన."

బాబాయికి నవ్వొచ్చింది. పిన్ని నవ్వలేదు. దాంతో ఆయన నవ్వు సగంలోనే ఆగిపోయింది.

ఆయన టౌన్ బస్సు డ్రైవరు. ఆయన బ్రేకు వేస్తే నిలబడి ప్రయాణం చేసే ముసలమ్మ చేతిలో మజ్జిగ గ్లాసు కూడా తొణికేది కాదని డిపోలో చెప్పుకునేవారు. కుర్ర కండక్టర్లు ముద్దుగా బ్రేకు బాబాయి అని పేరు పెట్టారు. ఆయన బాబాయి అయ్యాక ఆవిడ పిన్ని కాక తప్పలేదు. రిటైరయ్యాక ఆయన చేస్తున్న పనల్లా పేపరు చదవడం, చదివింది పిన్నికి మళ్ళీ వినిపించడం, కిటికీలోంచి ఇతరుల డ్రైవింగును తిట్టడం. అటువంటి మనిషిని పట్టుకుని వంట నేర్చుకోమంటే తల ప్రాణం తోకకు రాదూ?

"నాకు గ్యాసు వెలిగించడం కూడా రాదోయ్."

"ఇంజను స్టార్టు చెయ్యడం పుట్టగానే వచ్చిందా?"

గ్లాసు పక్కన పెట్టి, లుంగీ ఎగ్గట్టి, బాబాయి పొయ్యి ముందు నిలబడ్డాడు.

మొదటిరోజు పప్పుతో మొదలైంది. పప్పు కడగమంటే సగం పప్పు సింకులోకి వెళ్ళింది. మంట తగ్గించమంటే ఆర్పేశాడు. పోపు గరిటెలో నూనె పోశాక పిన్ని స్టూలు మీంచే మెడ చాచి అడిగింది.

"వాసన వచ్చిందా?"

"దేని వాసన?"

"నూనె కాగితే వాసన వస్తుందిగా. అది రాందే ఆవాలు వెయ్యకూడదు. వచ్చిందా?"

బాబాయి గరిటె మీదకి వంగి గట్టిగా పీల్చాడు. "ఆఁ, వచ్చింది. ఎండలో పెట్టిన బస్సెక్కి సీట్లో కూర్చున్నప్పుడు వచ్చే వాసన."

పిన్ని పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "అయితే సరిగ్గా కాగినట్టే. వెయ్యండి ఆవాలు."

ఆవాలు చిటపటలాడి మొహం మీదకి ఎగిరాయి. బాబాయి రెండడుగులు వెనక్కి వేసి, అక్కణ్ణించే జీలకర్ర విసిరాడు. సగం గరిటెలో పడింది. ఆ పూట పప్పు నీళ్ళనీళ్ళగా ఉన్నా ఇద్దరూ గిన్నె ఊడ్చి తిన్నారు.

అలా రోజూ సాగింది పాఠం. పిన్ని ఎప్పుడూ చెంచాల లెక్క చెప్పేది కాదు, నిమిషాలు చెప్పేది కాదు. ఎంతసేపు వేయించాలంటే వాసన వచ్చేదాకా అనేది. చింతపండు రసం ఎంతసేపు మరగాలంటే పచ్చివాసన పోయేదాకా అనేది. పోయిందా, వచ్చిందా, ఎలాంటి వాసన అని గుచ్చి గుచ్చి అడిగేది. బాబాయి కూడా బుద్ధిమంతుడిలా ప్రతిదానికీ ఒక పోలిక వెతికి చెప్పేవాడు. ధనియాల వాసన ఇస్త్రీ బట్టల దుకాణంలా ఉందన్నాడు. ఇంగువ వాసన డిపోలో బ్యాటరీలు దాచే గదిలా ఉందని తిట్టాడు. చెప్పిన ప్రతిమాటకీ పిన్ని కళ్ళు మూసుకుని తలూపేది. పరీక్షలో మార్కులు వేస్తోందనుకుని బాబాయి ఇంకాస్త ఉత్సాహపడేవాడు.

నిజానికి వాసనలు పట్టడం ఆయనకి కొత్తేమీ కాదు. ఉద్యోగం చేసిన రోజుల్లో డ్యూటీ దిగి ఇంటికొస్తే తిన్నగా లోపలికి వచ్చేవాడు కాదు. గేటు దగ్గర ఆగి, ముక్కు పైకెత్తి, "ఇవాళ గుత్తొంకాయ!" అనో, "మెంతికూర పప్పు!" అనో వీధి వీధంతా వినపడేలా అరిచేవాడు. ఎప్పుడూ తప్పేది కాదు. లోపల గరిటె పట్టుకున్న పిన్ని మొహం వెలిగిపోయేదని ఎదురింటివాళ్ళు చెప్పాలిగానీ ఆయనెప్పుడూ చూడలేదు.

కొన్నాళ్ళకి చారు కుదిరింది. బెండకాయ జిగురు లేకుండా వేగింది. కందిపప్పు మెత్తగా ఉడికి, పోపు పడగానే చుయ్యిమని, వంటిల్లంతా ఘుమఘుమలాడిన రోజున బాబాయి ఛాతీ ఉప్పొంగింది. పాత స్నేహితుడైన కండక్టరుకి ఫోను చేసి, పోపులో ముందు ఆవాలు పడాలా మెంతులు పడాలా అని పాఠం చెప్పే స్థాయికి వచ్చేశాడు. అవతలి మనిషి రాంగ్ నంబరేమోనని రెండుసార్లు అడిగాడు.

ఆ సంతోషం ఒక మధ్యాహ్నం కుక్కర్లో ఆవిరిలా పోయింది.

భోజనం చేసి కునుకు తీసి లేచాడు బాబాయి. పెరటి వసారాలో పిన్ని కూతురితో ఫోనులో మాట్లాడుతోంది. వినాలని వినలేదు, చెవిన పడింది.

"వద్దే, నువ్వు చెప్పకు. నేనే చెబుతాను. ఆయన చెయ్యి కాస్త కుదురుకోనీ… ఆఁ, బాగానే నేర్చుకుంటున్నారు. వంట పూర్తిగా వచ్చాక నెమ్మదిగా చెబుతాను. ఇప్పుడే చెబితే తట్టుకోలేరే…"

బాబాయి వచ్చినంత నెమ్మదిగా వెనక్కి వెళ్ళి మంచం మీద కూర్చున్నాడు.

కూతురు దంతవైద్యురాలు. అదే ఊళ్ళో ఉంటూ ప్రతి ఆదివారం మొగుడితో భోజనానికి వచ్చేది. ఈ మధ్యే వేరే ఊళ్ళో పెద్ద ఆసుపత్రిలో చేరడానికి ఒప్పుకుంది. పోయిన ఆదివారం ఇదే ఇంట్లో, "అమ్మా, అక్కడ మాకు ఒక గది ఎక్కువే ఉంది, వచ్చి నాతో ఉండకూడదూ?" అంది కూడా. అమ్మా అంది. నాన్నా అనలేదు. అప్పుడు సరదాకి అనుకున్నాడు. ఇప్పుడు ఒక్కొక్క ముక్కా వచ్చి అతుక్కుంది. రిటైర్మెంటు మాట, స్టూలు, పాఠాలు… పిన్ని వెళ్ళిపోతోంది. ఆయన పస్తులుండకూడదని వంట నేర్పి మరీ వెళ్ళిపోతోంది!

అడిగెయ్యొచ్చుగా అని మీరంటారు. అడిగితే అవునంటుందేమోనని భయం. అడగనంతకాలం వెళ్ళనట్టే కదా అని ఆశ. కాలు గాలిన పిల్లిలా సాయంత్రందాకా ఇంట్లో తిరిగి, చివరికి ఒక ఉపాయం పట్టాడు. వంట పూర్తిగా వచ్చాకే కదా చెప్పేది? అసలు రాకపోతే?

మర్నాడు పప్పు అడుగంటుతుంటే తెలిసి కూడా మంట తగ్గించలేదు.

"వాసన వచ్చిందా?" అంది పిన్ని స్టూలు మీంచి.

"వచ్చింది," అన్నాడు బాబాయి.

"ఎలా ఉంది?"

ఒక్క క్షణం తడబడ్డాడు. "కమ్మగా," అన్నాడు.

కంచం ముందు కూర్చుని తిట్ల కోసం ఎదురుచూశాడు. పిన్ని ఒక ముద్ద తింది. ఇంకో ముద్ద కలుపుకుంది. "బాగుందండీ. చెయ్యి తిరుగుతోంది మీకు," అంది.

బాబాయికి మతిపోయింది. ఆ పప్పు ఆయనకే గొంతు దిగడం లేదు. మర్నాడు చారులో చింతపండు సరిగ్గా మరగకుండానే దించేశాడు. దానికీ బాగుందంది. ఆ పై రోజు పప్పు ఇంకాస్త అడుగంటించాడు. రోజురోజుకీ మెరుగవుతున్నారంది. ఊరెళ్ళాలని ఎంత తొందరగా ఉంటే మాత్రం ఇంత అన్యాయంగా పాసు చేసెయ్యాలా అని బాబాయి లోలోపల ఉడికిపోయాడు. తను మాడ్చింది తనే తిని కడుపు చెడగొట్టుకున్నాడు తప్ప ప్రయోజనం లేకపోయింది.

సరే, పిన్ని కళ్ళు మూసుకుని పాసు చేస్తే చేసింది. నలుగురిలో ఫెయిలైతే ఏమంటుంది? ఆదివారం కూతురూ అల్లుడూ వస్తున్నారు. ఆ పూట వంటంతా తనదేనని బాబాయే ముందుకొచ్చాడు. పిన్ని పొంగిపోయింది.

ఆదివారం పొద్దున్నే పప్పు బాగా అడుగంటించాడు. పైపప్పు వేరే గిన్నెలోకి వంచి, మాడిన గిన్నెని పెరటి పంపు కింద నానేసి, కిటికీలన్నీ తెరిచి ఫ్యాను పెట్టాడు. పైకి చూస్తే పసుపుపచ్చగా, కొత్తిమీరతో ముచ్చటగా ఉంది. పిన్ని స్టూలు మీద కూర్చుని ఎప్పటిలా అడిగింది, ఈయన ఎప్పటిలా కమ్మగా ఉందన్నాడు.

నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. పిన్ని తనే వడ్డించింది.

"తినండి బాబూ. మీ మావయ్యగారి చేతి పప్పు. ఒక్కసారి వాసన చూడండి ఎలా ఉందో! ఈ వారమంతా ఇలాగే చేస్తున్నారు," అని అల్లుడి కంచంలో ఇంకో గరిటె ఎక్కువే వేసింది.

అల్లుడు మంచివాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని మింగలేక కక్కలేక కిటికీ వైపు చూశాడు. తర్వాత సగం గ్లాసు నీళ్ళు తాగాడు. "బా… బాగుందండీ అత్తయ్యగారూ," అన్నాడు.

కూతురు ముద్ద కిందపెట్టి తల్లిని చూసింది. తల్లి హాయిగా తింటోంది. తండ్రిని చూసింది. తండ్రి కంచంలోకి చూస్తున్నాడు.

"నాన్నా, ఇది అడుగంటిన పప్పు."

"అవునా?" అన్నాడు బాబాయి. ఇప్పుడు పిన్ని తిడుతుందని చూశాడు. పిన్ని చెయ్యి మాత్రం కంచంలో ఆగిపోయింది.

"అవునా ఏంటి? నీ ముక్కుకి నాలుగిళ్ళ అవతల పాలు పొంగితే తెలుస్తుంది. నీకు తెలియకుండా మాడుతుందా? తెలిసే చేశావా నాన్నా?"

"తెలిసే చేశాను!" బాబాయి గొంతు పెంచాడు. "నాకు వంట రాదు. రాలేదు. ఎప్పటికీ రాదు. మీ అమ్మకి అది తెలియాలి."

"పొయ్యి నీకిచ్చిందంటే అమ్మ నీకు చెప్పేసిందనేగా? అమ్మకి వాసన తెలియట్లేదని తెలిసి కూడా ఇలా ఆడుకుంటావా? నువ్వేనా ఇలా చేసింది?" కూతురి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"ఏమిటి తెలియట్లేదు?"

పిన్ని రెండు చేతులతో కంచం పైకెత్తి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చింది. మళ్ళీ పీల్చింది. కంచం కిందపెట్టింది.

"మాడిందా?" అంది చాలా నెమ్మదిగా. "వారం నుంచీ మాడుతూనే ఉందా? కమ్మగా ఉందన్నారుగా మీరు…"

బాబాయి తన కంచం పక్కకి నెట్టేశాడు.

"కాస్త చేదు తగిలింది. మెంతులు ఎక్కువ పడ్డాయేమో, కొత్తగా నేర్చుకుంటున్నవారిని నిరుత్సాహపరచడమెందుకని ఊరుకున్నాను." పిన్ని అల్లుడి వైపు చూడలేక తలొంచుకుంది. "వాసన చూడమని ఆ అబ్బాయికి గొప్పలు కూడా చెప్పానే…"

అల్లుడు చప్పున లేచి, ఫోనొచ్చిందని చెప్పి వీధిలోకి వెళ్ళాడు. ఫోను బల్ల మీదే ఉంది.

కూతురే చెప్పింది. చలికాలంలో పిన్నికి వచ్చిన జ్వరం తగ్గిందిగానీ పోతూ పోతూ వాసనని పట్టుకుపోయింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది కూతురే. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, కొంతకాలం ఓపిక పట్టాలన్నారు. నాన్నకి చెప్పమని ప్రతి ఫోనులోనూ తను పోరుతూనే ఉంది.

"అయితే నువ్వు… అమ్మాయితో వెళ్ళిపోవడం లేదా?" అన్నాడు బాబాయి.

"ఎక్కడికి వెళ్ళాలి?"

"వంట వచ్చాక చెబుతాను, ఆయన తట్టుకోలేరు అన్నావు. విన్నాను. నన్నొదిలేసి వెళ్తున్నావనుకున్నాను. వంట రాకపోతే వెళ్ళవని…" మజ్జిగ గ్లాసు తొణక్కుండా బస్సాపిన మనిషికి తన ఏడుపుకి బ్రేకు వెయ్యడం చేతకాలేదు.

పిన్నికి కోపం వచ్చింది, అది మొహంలో తెలుస్తూనే ఉంది. కానీ అది ఎంతోసేపు నిలబడలేదు.

"నన్ను అడగొచ్చుగా!"

"నువ్వు చెప్పొచ్చుగా!"

"ఎలా చెప్పను?" పిన్ని కొంగు చేతికి చుట్టుకుంది. "గేటు దగ్గర ఆగి ఏం వండానో అరిచేవారు. ఆ ఒక్క అరుపు వినడానికే పొద్దుటినుంచీ పొయ్యి దగ్గర నిలబడేదాన్ని. నాకిప్పుడు మాడిందో లేదో తెలియదు, పాలు విరిగాయో లేదో తెలియదు. ఏదో పాడుచేసి మీ ముందు పెడితే, మీరు నా మీద జాలితో బాగుందని తినేస్తే… అది నేను భరించలేను. అందుకని పొయ్యి మీకిచ్చి, మీ ముక్కుని అరువు తెచ్చుకుందామనుకున్నాను. ఎండలో బస్సు, ఇస్త్రీ దుకాణం… మీరు చెప్తుంటే నిజంగా వాసన వచ్చినట్టే ఉండేదండీ. ఆ కాస్త సేపు."

బాబాయి ఆ మాట విని కుంగిపోయాడు. వారం రోజులుగా ఆవిడ నమ్మి అడిగిన ప్రతిసారీ తను అబద్ధమే చెప్పాడు. ఆవిడ ముందున్న కంచంతో సహా అన్నీ తీసి ఒకదానిమీద ఒకటి పెట్టాడు.

"లే," అన్నాడు.

"ఎక్కడికి?"

"పొయ్యి దగ్గరికి. మళ్ళీ మొదటినుంచి. ఈసారి స్టూలు మీద కాదు, నా పక్కన. నువ్వు చెయ్యి, నేను వాసన చెబుతాను. అబద్ధం చెబితే ఆ గరిటెతోనే కాల్చు."

కూతురు పప్పు కడిగింది. వీధిలో ఫోను లేకుండా ఫోను మాట్లాడుతున్న అల్లుణ్ణి పిలిచి టమాటాలు తరగమన్నారు. పిన్ని నూనె పోసింది. బాబాయి వంగి పీల్చి, ఇంకా లేదు, ఇంకా లేదు, ఆఁ ఇప్పుడు అన్నాడు. అలా చెబుతూ చెబుతూ ఆయనకే ఒకటి తట్టింది.

"ఏమోయ్, చెవి ఇటు పెట్టు. బండికి ఏ గేరు కావాలో నేనెప్పుడైనా కళ్ళతో చూశానా? ఇంజను మాట వినేవాణ్ణి. ఇదీ అంతే. ఉల్లిపాయలు పచ్చిగా ఉన్నంతసేపూ గోల పెడతాయి. తడి ఆరేకొద్దీ గోల తగ్గుతుంది. విను."

పిన్ని చెవి ఒగ్గింది. బాణలిలో చుయ్ చుయ్‌మని హడావిడిగా ఉన్న చప్పుడు సన్నబడుతూ, సన్నబడుతూ, గుసగుసలోకి దిగింది.

"ఇప్పుడా?" అంది.

బాబాయి ముక్కుతో చూసి తలూపాడు. "ఇప్పుడే."

నలుగురూ ఎండ నడినెత్తి దాటాక అన్నం తిన్నారు. అల్లుడు ఈసారి అడగకుండానే మారు వడ్డించుకున్నాడు. బాగుందని నోటితో చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

కూతురు కొత్త ఊరు వెళ్ళింది. డాక్టరు చెప్పినట్టే ఓపిక పట్టారుగానీ పిన్నికి వాసన తిరిగి రాలేదు. పాలు, పెరుగు బాబాయి ముక్కు దాటాకే గిన్నెల్లోకి వెళ్తున్నాయి. వంట ఒకరోజు ఆవిడది, ఒకరోజు ఆయనది. ఆయన వంతు రోజున వంటింట్లో పడ్డ మరకల గురించి మాట్లాడకపోవడమే మర్యాద.

అలా ఆయన వంతు వచ్చిన ఒక సాయంత్రం పిన్ని బజారుకెళ్ళి కూరల సంచీతో తిరిగొచ్చింది. లోపల బాబాయి పోపు గరిటె పొయ్యి మీద పెట్టి, ఇంగువ డబ్బా కోసం వెతుక్కుంటూ తనలో తను గొణుక్కుంటున్నాడు. గేటు చప్పుడు వినబడింది. తలుపు చప్పుడు వినబడలేదు. ఏమైందో చూద్దామని కిటికీలోంచి తొంగి చూశాడు.

పిన్ని గేటు దగ్గరే ఆగి ఉంది. సంచీ కిందపెట్టి, కళ్ళు మూసుకుని, ఇంటి వైపు ఒక చెవి తిప్పి వింటోంది. గరిటెలో ఆవాలు చిటపటలాడాయి. బాబాయి గబగబా పొయ్యి దగ్గరికి వెళ్ళి రెండు తుమ్ములు తుమ్మాడు. ఉడికిన పప్పులో పోపు పడి చుయ్యిమంది. పప్పుగుత్తి కింద టమాటాలు పచపచమని నలిగాయి, గుత్తి గిన్నె అంచుకి టకటకా తగిలింది.

"ఇవాళ టమాటా పప్పు!" అని వీధి వీధంతా వినపడేలా అరిచింది పిన్ని. "ఇంగువ వెయ్యడం మర్చిపోయారు! వేస్తే మూడో తుమ్ము రావాలి!"

బాబాయి చేతిలో పప్పుగుత్తి అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళూ ఆ అరుపు వినడానికి ఆవిడ పొయ్యి దగ్గర ఎందుకు నిలబడేదో ఆయనకి అప్పుడు తెలిసింది. కళ్ళు తుడుచుకుని, ఇంగువ డబ్బా వెతికి పట్టుకుని మూత తీశాడు.